మూగపట్టీ

నలభై మూడో రోజు పొద్దున ఎల్లాజీ వైర్‌లెస్ సెట్టును గోనెసంచిలో చుట్టి, భుజాన వేసుకుని ఎర్రమట్టి కొండ ఎక్కాడు. సెట్టును గురువు ముందు పెట్టి, ఇక ఈ విద్య నాకొద్దని ఒక్క ముక్క చెప్పి దిగిపోదామని అతని ఉద్దేశం.

కొండ మీద చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునేది జైనుల్లా బాబా. వయసులో ఉండగా ఆయన ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరుగా తిరిగాడు. ఒకరోజు ఓడ దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. దర్గా పక్కన రేకుల గదిలో ఆయన సెట్టు, బయట రెండు సరుగుడు వాసాల మధ్య ఒక రాగితీగ. కింద నందిరేవు పల్లెలోని మత్స్యకారులు శుక్రవారం పూట బెల్లం, అగరొత్తులు తెచ్చి ఫాతెహా చదివించుకుని పోయేవాళ్లు. ఎల్లాజీ మాత్రం బెల్లం పంచిపెట్టాక కూడా ఆ గది గుమ్మంలో నిలబడిపోయేవాడు. అలా శిష్యుడయ్యాడు.

ఎనిమిదేళ్లు నేర్చుకున్నాడు. పరీక్షకు కూర్చుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. తీగ నుంచి బయల్దేరిన తరంగానికి రెండు దారులని బాబా చెప్పేవాడు. ఒకటి నేలను పట్టుకుని పాకుతూ పోతుంది. ఇసుక, రాయి దాన్ని తాగేస్తాయి. ఉప్పునీరు కాస్త దయగలది, కొంత దూరం మోస్తుంది. రెండోది ఆకాశానికి ఎగురుతుంది. చాలా ఎత్తున, ఎండ తగిలి గుణం మారిన గాలి పొర ఒకటుంది. అక్కడ వంగి, వందల మైళ్ల అవతల మళ్లీ నేలకు దిగుతుంది. నేల దారి అలిసిపోయిన చోటుకూ, ఆకాశ దారి దిగిన చోటుకూ నడుమ ఒక పట్టీ మిగిలిపోతుంది. అక్కడ ఉన్నవాడికి ఏమీ వినబడదు. బాబా దాన్ని మూగపట్టీ అనేవాడు. ఎల్లాజీ ఆ పాఠం నోటుపుస్తకంలో రాసుకుని పక్కన బొమ్మ గీసుకున్నాడు. బొమ్మలో అది వేలెడంత ఖాళీ.

పల్లెకు మరబోట్లు వచ్చాక బోటుకో సెట్టు పెట్టి, ఒడ్డున సంఘం గదిలో ఒకటి పెట్టారు. ఒడ్డు సెట్టు దగ్గర ఎల్లాజీ కూర్చున్నాడు. ఏ బోటు ఎక్కడుంది, ఎవరి వలలో ఏం పడింది, ఎవరి ఇంజను మొరాయిస్తోంది, అన్నీ అతని చెవినే పడేవి. క్రమంగా మాటలో కాస్త ఠీవి వచ్చింది. ఈ సముద్రంలో ఎవడు దగ్గినా నాకు వినబడాల్సిందేనని పదిమందిలో అనేవాడు. అది బాబా దాకా వెళ్లింది.

ఎల్లాజీకి అన్న ఒకడు, దానయ్య. తండ్రి పోయాక తమ్ముణ్ని పెంచింది అతనే. వేటకు రమ్మని ఒక్కనాడూ బలవంతపెట్టలేదు. కొండ మీద ఏదో నేర్చుకుంటున్నాడట, నేర్చుకోనీ అన్నాడు. దానయ్య బోటు నడిపే సరంగు. ఆ కార్తీకంలో ముగ్గురు కళాసీలను వెంటబెట్టుకుని సముద్రంలో ఎనభై మైళ్లు లోపలికి వెళ్లాడు. వాయుగుండం మొదట దక్షిణానికి పోయేలా కనబడింది. తెల్లారేసరికి తిరిగింది.

ఆ రోజు చీకటితో సంఘం గదిలో కూర్చున్న ఎల్లాజీ పొద్దుగూకేదాకా లేవలేదు. అన్న పేరు పిలిచాడు, బోటు పేరు పిలిచాడు. చెవుల్లో మూకుడులో ఇసుక వేయించినట్టు చప్పుడు తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం రెండున్నరకు సంఘం ఫోను మోగింది. ట్రంక్‌కాల్. నాగ్‌పూర్‌కి అవతల ఒక ఊళ్లో ఎవరో గడియారాలు బాగుచేసే పెద్దమనిషి సరదాకి డయల్ తిప్పుతుంటే మీ బోటు గొంతు వినబడిందట, బోటు ఉన్న చోటు గుర్తుగా ఇంగ్లీషులో చెప్పిన అంకెలు పట్టుకుని పోర్టుకు కబురు చేశాడు, ఓడ ఒకటి బయల్దేరిందని చెప్పారు.

ఓడకు రెండోరోజు ముగ్గురు కళాసీలు దొరికారు. ఖాళీ డీజిల్ డ్రమ్ములకు తాళ్లతో కట్టి ఉన్నారు. కట్టింది దానయ్యే. తను మాత్రం కట్టుకోలేదు. బోటు ఒరిగిపోయేదాకా సరంగు కేబిన్లో సెట్టు పట్టుకుని అరుస్తూనే ఉన్నాడని, గాలిహోరులో ఏమంటున్నాడో తమకు వినబడలేదని వాళ్లు చెప్పారు. దానయ్య దొరకలేదు.

పల్లె అంతా ఒకటే మాట. పక్కనున్నోడికి ఇనబడలేదంట, నాగపూరోడికి ఇనబడిందంట. ఎల్లాజీ నోటుపుస్తకం తీసుకుని పెద్దల దగ్గరికి వెళ్లాడు. బొమ్మ చూపించి, నేల దారి ఇదీ, ఆకాశ దారి ఇదీ, మన ఊరు ఈ ఖాళీలో పడిందని వివరించాడు. వాళ్లు శ్రద్ధగానే విన్నారు. చివరికి ఒక ముసలాయన, చదువుకున్నోడివి నాయనా, నువ్వెలా చెబితే అలాగే అన్నాడు. ఎల్లాజీ పుస్తకం మూసుకుని ఇంటికి వచ్చాడు. అంతకంటే వాళ్లు తిట్టి ఉంటే బాగుండేది.

దానయ్య భార్య నూకరత్నం ఒక్కసారే అడిగింది. పెరట్లో నిలబడి, మొహంలోకి చూస్తూ అడిగింది.

"కునుకు పట్టిందా, ఎల్లాజీ?"

"లేదు వదినా."

ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత అసలు మాట్లాడలేదు. ఒకే వాకిలి, రెండు ఇళ్లు. ఆమె కంచం కడిగే చప్పుడు ఇతనికి వినబడేది, ఇతని దగ్గు ఆమెకు వినబడేది. శవం చూడందే దినం పెట్టనివ్వనంది. గాజులు తీయలేదు, బొట్టు చెరపలేదు. రోజూ పొద్దునే ఒడ్డుకు పోయి నిలబడి వచ్చేది.

పన్నెండో రోజున ఎల్లాజీకి ఉత్తరం వచ్చింది. హిందీలో ఉంది. రాసింది ఆ నాగ్‌పూర్ అవతలి పెద్దాయన, దినకర్ బాపట్. మీ బోటు మనిషి అంకెలు చెప్పాక చాలాసేపు ఇంకేదో చెప్పాడు, అందులో మీ పేరు చాలాసార్లు వచ్చింది, మిగతాది నాకు తెలియని భాష, వినబడింది వినబడినట్టు నా అక్షరాల్లో రాసుకున్నాను, రోజూ పొద్దున పదకొండింటికి సెట్టు దగ్గర ఉంటాను, మీరు పిలిస్తే చదివి వినిపిస్తాను అని రాశాడు. కింద ఏ మీటరు మీద ఉంటాడో ఉంది.

ఎల్లాజీ దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సెట్టు దగ్గరికి మాత్రం పోలేదు. తన పేరు చాలాసార్లు వచ్చిందన్న ముక్క చాలు. మిగతాది ఏమై ఉంటుందో అతనికి తెలుసు. ఎల్లాజీ, పలకవేంట్రా. ఎక్కడ చచ్చావురా. మునిగిపోయే మనిషి ఇంకేమంటాడు? ఆ మాట అన్న గొంతుతో రోజుకు వందసార్లు అతని లోపల మోగుతూనే ఉంది. దాన్ని వేరొకరి నోట వినే శక్తి లేక నెల రోజులు ఆ కాగితాన్ని మోశాడు.

బాబా గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నాడు. ఎల్లాజీ సంచి దించి, నమస్కారం పెట్టి, వచ్చిన పని చెప్పాడు. ఇక తనవల్ల కాదన్నాడు. ఎనిమిదేళ్లు మీరు చెప్పిందంతా నిజమే, అందుకే వద్దంటున్నానన్నాడు. నిద్రపోయి ఉంటే కాళ్లమీద పడి తప్పయిందనేవాణ్ని, వింటూ కూర్చున్నవాడు ఏమని చెప్పుకోవాలి అన్నాడు.

బాబా చాట పక్కన పెట్టాడు. జేబులో అదేమిటని అడిగాడు. మడతల దగ్గర చిరిగిపోతున్న ఉత్తరాన్ని ఎల్లాజీ చేతికిచ్చాడు. బాబా దాన్ని ఎండకు పట్టుకుని ఒకసారి చదివాడు, మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఎప్పుడొచ్చింది?"

"నెలయింది బాబా."

"నెల రోజులుగా ఆ పెద్దమనిషి పదకొండింటికి కూర్చుంటున్నాడు." ఆయన ఉత్తరం మడిచి తిరిగి ఇచ్చాడు. "రేపు రా. మీ వదినను తీసుకురా."

ఎల్లాజీ బతిమాలాడు. కావాలంటే తను వింటాడు, ఆమెకెందుకన్నాడు. ఆమె తనతో మాట్లాడటం మానేసిందన్నాడు. ఆ మాటలు వింటే ఆ మనిషి ఇక బతకదన్నాడు. బాబా అన్నీ విని చాట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఎల్లాజీ వదిన గుమ్మం ముందు నిలబడ్డాడు. ఉత్తరం సంగతి చెప్పాడు, నెల రోజులు దాచిన సంగతీ చెప్పాడు. ఆమె వల ముడులు విప్పుతున్న చేతులు ఆపలేదు. విన్నదో లేదో తెలియలేదు. తెల్లారి అతను బయల్దేరేసరికి వాకిట్లో తలకు కొంగు చుట్టుకుని నిలబడి ఉంది. కొండ పొడుగునా అతనికి నాలుగడుగులు వెనకే నడిచింది.

బాబా అప్పటికే వాసాల మధ్య తీగను బిగించి కట్టాడు. డెబ్బై దాటిన మనిషి ఒక్కడే నిచ్చెన ఎక్కాడు కాబోలు, చేతులు గీరుకుపోయి ఉన్నాయి. గదిలో చాప పరిచి వాళ్లిద్దరినీ కూర్చోమన్నాడు.

ఆయన సెట్టుకు స్పీకరు పోయి చాలా ఏళ్లయింది. చెవులకు పెట్టుకునే పాత హెడ్‌ఫోను ఒక్కటే ఉంది, ఓడనుంచి తెచ్చుకున్నది. బాబా దాన్ని ఒళ్లో పెట్టుకుని చిన్న స్క్రూడ్రైవరుతో, తలమీద ఆనే ఇనుప బద్దీని విప్పదీశాడు. రెండు గుండ్రటి బిళ్లలూ విడివిడిగా తీగలకు వేలాడాయి. ఒకటి ఎల్లాజీ చేతిలో పెట్టాడు. ఒకటి నూకరత్నం ముందు చాప మీద పెట్టాడు. మరిదితో నలభై రోజులు మాట్లాడని ఆ మనిషి, తీగ పొట్టిగా ఉండటంతో, అతని భుజం పక్కకు జరిగి కూర్చోవలసి వచ్చింది. బాబా డయల్ సరిచేసి మైకు ఎల్లాజీ వైపు తిప్పి, బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

పదకొండయింది. ఎల్లాజీ పిలిచాడు. ఇసుక వేగే చప్పుడు. మళ్లీ పిలిచాడు. ఆ చప్పుడు అడుగునుంచి, ముందు సన్నగా, తర్వాత ఎదురుగా కూర్చున్నంత స్పష్టంగా ఒక ముసలి గొంతు పలికింది. ఇన్ని రోజులు పిలుపు లేకపోయేసరికి, నేను రాసింది మీకు చేరలేదేమో అనుకున్నానన్నాడు బాపట్. ఎల్లాజీకి హిందీ అంతంతమాత్రం. చదవండి అని మాత్రం అన్నాడు.

బాపట్ గొంతు సవరించుకున్నాడు. కాగితం చప్పుడు వినబడింది. ఆయన ఒక్కో అక్షరాన్ని పట్టుకుని, ఎక్కడ ఆగాలో తెలియక ఎక్కడపడితే అక్కడ ఆగుతూ చదివాడు.

"యెల్లాజీ. గాలి తిరి... గింది. మీ వయి పు వస్తంది. రత్ నమ్ కి సెప్పు. వొడ్డు కా డ వుండొద్దను. కొండ యెక్కీ మను. పిల్లల్ని తీసు కెళ్లమను. యెల్లాజీ. యెల్లాజీ. సెట్ లో నీల్లు పడ్డయ్. నువ్వు ఇంటానే వుంటావ్. నా కే ఇన బడ్డం లేదు."

తర్వాత కొన్ని పేర్లు. కళాసీలవి. ఆ తర్వాత మళ్లీ అదే. నువ్వు ఇంటానే వుంటావ్. నా కే ఇన బడ్డం లేదు.

ఎల్లాజీకి మొదట అర్థం కాలేదు. తను ఇన్నాళ్లుగా వింటున్న మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు, అది రాలేదు. అన్న సాయానికి పిలవలేదు. గాలి ఊరి మీదికి తిరిగిందని, జాగ్రత్త పడమని పిలిచాడు. ఆ పూట నూకరత్నం నిజంగానే ఒడ్డున నిలబడి ఉంది. నీళ్లు మొదటి వరస ఇళ్లలోకి వస్తుంటే నలుగురు ఆడవాళ్లు రెక్క పట్టుకుని ఆమెను, వెనకే ఆమె పిల్లల్ని బడి దాకా లాక్కెళ్లారు.

చదవటం అయిపోయింది.

అప్పుడు బాపట్ మెల్లగా అడిగాడు. భాయ్, దీని అర్థమేమిటి? ఆ మనిషి ఎవరినైనా శపిస్తున్నాడా, దేవుణ్ని పిలుస్తున్నాడా? నాకు తెలియలేదు. దుకాణంలో గడియారం విప్పితే ఈ మాటలే వినబడుతున్నాయి.

ఎల్లాజీ తనకు వచ్చిన హిందీలో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చివరి మాట దగ్గర ఆగిపోయాడు. రెండుసార్లు మొదలుపెట్టి, మూడోసారి చెప్పాడు.

"తమ్ముడు వింటున్నాడు అన్నాడు. తనకే వినబడటం లేదు, అంతే, అన్నాడు."

అవతలి గొంతు మారిపోయింది. "నేను జవాబిచ్చాను భాయ్. పదకొండుసార్లు ఇచ్చాను. మీ మాట అందింది అని. అదీ ఆయనకు చేరలేదన్నమాట."

ఎల్లాజీ చేరలేదని చెప్పలేకపోయాడు, చేరిందని అబద్ధమూ ఆడలేకపోయాడు.

నూకరత్నం అతని మోచేతిని తాకింది.

"ఇంకోపాలి సదవమను," అంది. "ఆయన్ని తొందరపడొద్దను."

బాపట్ మళ్లీ చదివాడు. ఆమె బిళ్లను రెండు చేతులతో చెవికి అదిమిపట్టుకుని కళ్లు మూసుకుంది. ఎవరో తెలియని దేశపు ముసలాయన, ఒక్క ముక్కా అర్థం కాకుండా, ఆమె మొగుడి మాటలు ఆమె మొగుడి యాసలోనే చదువుతున్నాడు. రత్ నమ్ అన్నప్పుడు ఆమె తల ఒక్కసారి ఊగింది. ఏడవలేదు. అయిపోయాక బిళ్లను చాప మీద జాగ్రత్తగా పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

ఎల్లాజీ ఆ పెద్దాయనకు దండం పెడుతున్నానని చెప్పి సెట్టు ఆపాడు.

"ఆ పొద్దు నువ్వేటి తిన్నావు?" అంది నూకరత్నం.

"ఏ పొద్దు వదినా?"

"ఆ పొద్దే."

ఎల్లాజీ గుర్తు తెచ్చుకున్నాడు. "ఏటీ తినలేదు. లేస్తే ఆ మద్దెలో పిలుత్తాడేమోనని లేవలేదు."

ఆమె తల ఆడించింది. కొంగు చివర పళ్లమధ్య పట్టుకుని లేచి నిలబడింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"మంచి రోజెప్పుడో అడుగు. దినం పెట్టించాల."

ఆమె కొండ దిగుతుంటే గాజుల చప్పుడు కాసేపు వినబడింది.

బాబా లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. రెండు బిళ్లలనూ దగ్గరికి చేర్చి, ఇనుప బద్దీకి మళ్లీ బిగించటం మొదలుపెట్టాడు. స్క్రూ చిన్నది, చూపు ఆనటం లేదు. ఎల్లాజీ దాన్ని అందుకుని బిగించి ఇచ్చాడు. అప్పుడు గాని అతని కళ్లలోంచి నీళ్లు రాలేదు. బాబా అతన్ని ఏడవనిచ్చాడు. బయట తీగ గాలికి సన్నగా మోగుతోంది.

చాలాసేపటికి ఎల్లాజీ మొహం తుడుచుకుని, గురువు వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంత చేసిన మనిషికి చెప్పకపోతే ఎలా అనిపించింది.

"బాబా, మా అన్న ఏమన్నాడంటే..."

జైనుల్లా బాబా చెయ్యెత్తి ఆపాడు.

"వద్దు బేటా," అన్నాడు. "ఈసారి మూగపట్టీలో ఉన్నది నేను. అది నా తల మీదుగా పోవాల్సిన మాట."